పెయింటర్ కూతురి చిటికెన వేలు

అసలు గొడవంతా ఒక వేలు దగ్గర మొదలైంది. అదైనా గొప్ప పనులు వెలగబెట్టే వేలా అంటే, కాదు. అన్నిటికన్నా చివర, తనకేమీ పట్టనట్టు ఉండే చిటికెన వేలు. దాని మూలంగా ఒక పిల్ల ఏడాదిపాటు ఇంట్లోవాళ్ళ మీదా, తన మీదా, ఆఖరికి గోడ మీది క్యాలెండరు మీదా విసుక్కుంటూ బతికింది.

ఆ పిల్లని ఇంట్లో పిడుగు అంటారు. అసలు పేరు సర్టిఫికెట్లలో ఉంది, అక్కడే ఉండనిద్దాం. ఫిడేలులో డిగ్రీ చేసింది. చివరి ఏడాది కాలేజీ బహుమతి కూడా కొట్టేసింది. పై చదువు కోసం దూరాన ఉన్న ఒక పెద్ద సంగీత విద్యాలయంలో ఎంపిక పరీక్షకి వెళ్ళింది. బ్రహ్మాండంగా వాయించింది, ఆ సంగతి వాయిస్తుంటే తనకే తెలుస్తోంది. కానీ అక్కడి ప్రొఫెసరమ్మ పాట వింటున్నట్టే లేదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, పిడుగు కుడిచేతినే చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక లేచి దగ్గరికొచ్చి, తీగల మీద లాగే కమాను పట్టుకున్న చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ వేలు ఇలా నిలబెట్టమని ఎవరు నేర్పారమ్మా?" అని అడిగింది.

పిడుగు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. నేర్పింది నాన్న.

నాన్న షాపులకి బోర్డులు రాసే పెయింటరు. కుర్రతనంలో ఎవరింటికో రంగులు వేయడానికి వెళ్ళి, అటక మీద పడున్న పాత ఫిడేలు అడిగి తెచ్చుకుని, ఎవరి దగ్గరా కూర్చోకుండా తనంతట తనే నేర్చుకున్నాడు. బోర్డు రాసేవాళ్ళకి ఒక పద్ధతుంటుంది. అక్షరం వంకర పోకుండా చిటికెన వేలు చాచి బోర్డుకి ఆనిస్తారు, మిగతా చెయ్యంతా ఆ వేలి దన్నుతో తిరుగుతుంది. కుంచె పట్టుకోవడానికి అలవాటు పడ్డ ఆ చెయ్యి కమానునీ అలాగే పట్టుకుంది. బొటనవేలు కర్రలా బిగుసుకుని, చిటికెన వేలు గాలిలో నిటారుగా. కమాను మీద గుండ్రంగా వంగి దాని బరువు మోయాల్సిన వేలది. అది మోయకపోతే ఆ బరువంతా ముంజేతి మీద పడుతుంది. కూతురికి ఆరేళ్ళు రాగానే ఆయన తన చేతినే అచ్చుగుద్దినట్టు ఆ పిల్లకి దింపేశాడు. కాలేజీలో మాస్టార్లు చూడకపోలేదు. బహుమతులు తెస్తున్న చెయ్యి, కెలికితే ఉన్నది పోతుందని ఎవరి మటుకు వాళ్ళు ఊరుకున్నారు. వాళ్ళ సొమ్మేం పోయింది!

ప్రొఫెసరమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు. చెవి బాగుంది, ఎడమచెయ్యి బాగుంది, సీటు ఇస్తాను, కానీ ఏడాది ఆగి రా అంది. ఈ చేత్తోనే లాక్కొస్తే ముప్ఫై ఏళ్ళకే ముంజెయ్యి పనికిరాకుండా పోతుందట. ఈలోగా చెయ్యి మార్చుకోవాలి, వేసవికి ముందు వీడియో పంపాలి. అందులో చెయ్యి స్పష్టంగా కనబడాలి, మొదలుపెడితే చివరిదాకా ఎక్కడా కోతలుండకూడదు. వేలు మారకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. అంతే సంగతులు.

ఇంటికొచ్చి పిడుగు సగం మాటే చెప్పింది. సీటు వచ్చింది, వచ్చే ఏడాది చేరాలి అంది. ఆ మిగతా సగం గొంతు దాటలేదు. ఎలా దాటుతుంది? ఆ మాట పూర్తి కాకముందే నాన్న చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మందుల షాపాయనకీ, సైకిళ్ళు బాగుచేసే ఆయనకీ, తను బోర్డు రాసిన ప్రతి కొట్టువాడికీ తెలిసిపోయింది. "మా అమ్మాయిది నా చెయ్యేనండీ, అచ్చం నా చెయ్యి," అని ఎదురైన వాళ్ళందరికీ కుడిచెయ్యి చాపి మరీ చూపించాడు. పిడుగు ఆ చేతి వంక చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఇక మొదలైంది నరకం. చదువుకున్నది మర్చిపోవడం ఎంత కష్టమో పట్టా పుచ్చుకున్నవాళ్ళకి ఎవరూ చెప్పరు. వేలు వంచి కమాను పట్టుకుంటే రెండు క్షణాలు నిలబడుతుంది, మూడో క్షణంలో లేచి నిలుచుంటుంది. చెయ్యి చూసుకుంటే చెవి పోతుంది, చెవి పెడితే చెయ్యి పోతుంది. మొన్నటిదాకా హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టిన పిల్ల, ఇప్పుడు ఒక్క తీగ మీద కమానుని ఈ చివర్నుంచి ఆ చివరికి తిన్నగా లాగలేక ఏడుస్తోంది. వచ్చే శబ్దం వింటే తుప్పు పట్టిన గేటు నయమనిపిస్తుంది. తన చెయ్యి తన మాట వినకపోతే మనిషికి ఎంత ఒళ్ళు మండుతుందో అంత మండింది. ఒకరోజు కమాను మంచం మీదకి విసిరేసింది కూడా. మళ్ళీ తనే పరిగెత్తి, విరగలేదు కదా అని తడిమి చూసుకుంది.

పుండు మీద కారం చల్లడానికా అన్నట్టు, ఆ ఏడాది గడపడానికి పట్టుకున్న ఉద్యోగం ఫిడేలు నేర్పడమే. చెప్పుల షాపు మీద మేడలో ఒక గది, నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. అక్కడికి వచ్చేవాళ్ళలో రిటైరైన నర్సు ఒకావిడ ఉంది. చిన్నప్పటి సరదా ఇప్పుడు తీర్చుకుందామని చేరింది. పిడుగు ఆవిడకి కొత్త పద్ధతే చూపించింది, తను పట్టలేని పద్ధతి. ఆవిడ కమాను అందుకుంది. బొటనవేలు వంగింది, వేళ్ళన్నీ మెత్తగా ఒదిగాయి, చిటికెన వేలు వెళ్ళి ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

"సూది గుచ్చినా తెలియకుండా పట్టుకోవడం అలవాటే కదమ్మా నాకు," అని నవ్విందావిడ.

పిడుగు కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కనక. ఆవిడకి ఇంకా ఒక్క పాటా రాదు, సా ఎక్కడుందో వెతుక్కుంటోంది, కానీ చెయ్యి మాత్రం పుస్తకంలో బొమ్మలా ఉంది. తనకి అన్నీ వచ్చు, చెయ్యే రాదు. ఇదెక్కడి న్యాయమని మెట్లు దిగుతూ పైకే అంది. ఎదురొస్తున్న చెప్పుల షాపతను తననేనేమో అనుకుని తప్పుకున్నాడు.

ఇంట్లో నాన్నకి చెవులు లేవా? ఉన్నాయి. రోజూ పని నుంచి వచ్చి, చేతులు కిరసనాయిలుతో రుద్ది కడుక్కుని, కాసేపు తన ఫిడేలు వాయించుకోవడం ఆయనకి అలవాటు. ఆ సమయానికి పక్కగదిలోంచి ఈ గీకుడు. మొదట కొత్త పాటేమో అనుకున్నాడు. తర్వాత ఒంట్లో బాగాలేదేమో అన్నాడు. నెలలు గడిచేకొద్దీ, కాలేజీవాళ్ళు బంగారంలాంటి పిల్లని పాడుచేసి పంపారని అమ్మ దగ్గర ఏకరువు పెట్టడం మొదలెట్టాడు. అమ్మ స్కూలు యూనిఫారాలు కుడుతుంది, మిషను చప్పుడులో వినబడనట్టు నటించడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. తర్వాతెప్పుడో పిడుగు చెప్పుకుంది కనక, అసలు సంగతి ఇంట్లో ఆవిడొక్కదానికే తెలుసు. చెప్పెయ్యవే అని పిడుగుని పోరింది. నువ్వు చెప్పమ్మా అంటే, నేను చెప్తే నీకేం తెలుసు సంగీతం అంటారు, నువ్వు చెప్తేనే వింటారని తోసిపుచ్చింది.

ఒక సాయంత్రం ఆయన ఉండబట్టలేక లోపలికే వచ్చేశాడు. పిడుగు వెనక నిలబడి కాసేపు చూశాడు. "చెయ్యి మర్చిపోయావేంటే," అంటూ ఆ వంగిన చిటికెన వేలిని రెండు వేళ్ళతో పట్టుకుని, చిన్నప్పుడు ఎలా లేపేవాడో అలా మెల్లగా పైకి లేపాడు. "ఆఁ, ఇప్పుడు లాగు."

చెప్పెయ్యాల్సింది అప్పుడే. నోరు తెరిచింది కూడా. కానీ ఆయన మొహం చూసి మూసేసింది. లాగింది. ఎన్నాళ్ళ తర్వాతో ఫిడేలు ఫిడేలులా పలికింది. ఆయన తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమంతా పిడుగు ఆ వేలు దించలేదు. ఎంత హాయిగా ఉందో! మర్నాటి నుంచి మళ్ళీ మొదటికొచ్చి, పోయిన చేతిని వెనక్కి తెచ్చుకోవడానికి వారాలు పట్టింది. ఆయన మీద కోపం, ఆయన మీద కోపం వచ్చినందుకు తన మీద కోపం. అమ్మ అన్నం తినమంటే అమ్మ మీద కోపం.

వీడియో పంపాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. ఇంటి పక్కన ఎవరో మేడ కడుతున్నారు, పొద్దస్తమానం డ్రిల్లింగు. సెలవురోజు బోర్డులు రాసే మన వర్క్‌షాపులో తీద్దాం, ఫోను నేను పట్టుకుంటా అన్నాడు నాన్న. సీటిచ్చినవాళ్ళు మామూలుగా అడిగే వీడియో అనుకుంటున్నాడాయన. వద్దనడానికి పిడుగుకి కారణం దొరకలేదు. సగం రాసిన బోర్డులు గోడకి జరిపి, మధ్యలో నిలబడింది. ఆయన చెయ్యి వణకదు, ఫోను గోడకి మేకు కొట్టి బిగించినట్టు నిలిచింది.

మొదటిసారి కొత్త చేత్తో మొదలుపెట్టింది, నెమ్మది భాగం గట్టెక్కింది, జోరు భాగంలో తడబడింది. రెండోసారి అంతకన్నా అన్యాయం. మూడోసారికి ఒళ్ళు తెలియని కసి వచ్చేసింది. ఏమైతే అదవుతుందని కమాను దూసింది. పాట మొదట్నుంచి చివరిదాకా ఒక్క ఊపులో వచ్చేసింది. ఏడాదిగా పోయిందనుకున్నదంతా తిరిగొచ్చింది. ఆగేసరికి నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇదీ వాయించడమంటే. ఇదే పంపు," అన్నాడు.

ఫోను తీసుకుని చూసుకుంది. పాట మొదలైన కాసేపటికే వేలు లేచింది. ఆ తర్వాత చివరిదాకా దిగనే లేదు. తనకి తెలియనే తెలియలేదు.

"ఇది పంపితే సీటు పోతుంది నాన్నా."

ఆయన నవ్వబోయి ఆగాడు. ఇక దాచడానికి ఏముంది? ప్రొఫెసరమ్మ అన్నది, తను దాచింది, ఏడాదిగా గదిలో పడ్డ పాట్లు, అన్నీ వెళ్ళగక్కేసింది. మధ్యలో ఆయన ఒక్కసారే అడ్డొచ్చాడు. ఆ వేలు లేకపోతే చెయ్యి నిలవదే అన్నాడు.

"బోర్డు మీద నిలవదు నాన్నా. ఇక్కడ ఆనించుకోవడానికి ఏముంది?"

ఆయన తన కుడిచెయ్యి పైకెత్తి, లేని కమాను పట్టుకుని చూసుకున్నాడు. గాలిలో వేలు నిలబడి ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? నా చెయ్యే, నా చెయ్యే అని ఊరంతా చూపించుకొచ్చావు."

ఆయన చెయ్యి దించి, ఫోను అందుకుని, మళ్ళీ వాయించు, వేలు లేస్తే నేను చెప్తానన్నాడు. నిజంగానే చెప్పాడు. పాట సగంలో ఉండగా "వేలు" అని గట్టిగా అరిచాడు, ఆ అరుపు వీడియోలో పడింది, అది పనికిరాకుండా పోయింది. ఇద్దరికీ నవ్వు కూడా రాలేదు. తర్వాత నుంచి, వేలు కదలబోతే ఆయన ఖాళీగా ఉన్న ఎడమచేత్తో కిందికి సైగ చేసేవాడు, పిడుగు పాటలోంచి ఆ చేతినే చూస్తూ వేలు దించుకునేది. తను నిలబెట్టిన వేలిని తనే దింపుతూ పొద్దు వాలేదాకా నిలబడ్డాడు. చివరికి ఒకటి కుదిరింది. పాట అంతంతమాత్రం, చెయ్యి మాత్రం చెక్కు చెదరలేదు. దాన్ని శబ్దం తీసేసి రెండుసార్లు వేసి చూసి, "ఇది పంపు," అన్నాడు.

జవాబు వచ్చింది. చెయ్యి వచ్చింది, పాట సంగతి ఇక్కడ చూసుకుందాం, చేరమని రాసింది ప్రొఫెసరమ్మ. అమ్మ కుడుతున్న మిషను ఆపి కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. నాన్న మంచిదమ్మా అన్నాడు. ఈసారి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళలేదు.

ఆయన ఫిడేలు వాయించడం మానేశాడని పిడుగు గమనించడానికి కొన్నాళ్ళు పట్టింది. పని ఎక్కువగా ఉందేమో అనుకుంది. తర్వాత అలా అనుకోవడం కుదరలేదు. ఊరు వదిలి వెళ్ళేరోజు మధ్యాహ్నం, పెట్టెలు సర్దడం అయ్యాక, ఒక్క పాట వాయించవా, వినేసి వెళ్తానని అడిగింది.

"నువ్వు వినవే," అన్నాడు నాన్న. కోపంగా అనలేదు. "నా చెయ్యి చూస్తావు."

లేదు నాన్నా అందామనుకుంది. కానీ అప్పటికే తన కళ్ళు ఆయన కుడిచేతి మీదే ఉన్నాయి, ఆయన అది చూశాడు. బస్సుకి టైమవుతోందని అమ్మ వాకిట్లోంచి పిలిచింది. బరువుగా ఉన్న పెట్టె ఆయన తీసుకున్నాడు, ఫిడేలు పెట్టె పిడుగు తీసుకుంది.