పెళ్లి ముసుగు మీద వెలుతురు

స్టారా ప్లానినా కొండల కింద ఉన్న ఆ చిన్న ఊరి మ్యూజియంలో దీపాలు చూసుకునేవాడు ప్రొదాన్. మామూలుగా నోరు విప్పని మనిషే కానీ దీపాల ఊసెత్తితే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. పాత హాలోజెన్ బల్బులు అద్దాల పెట్టెలను పొయ్యి మీది కుండల్లా కాచేస్తున్నాయని గొడవపడి, వాటిని పీకించి ఎల్‌ఈడీలు పెట్టించే దాకా డైరెక్టర్ పావ్లీనా ప్రాణం తోడేశాడు.

వెలుతురు ఎంత ఎక్కువైతే అంత అందం అనుకునేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండేది. పట్టులూ ఉన్నులూ ఉన్న గదికి ముదురు రంగు వేయించి, గదినంతా మసకగా ఉంచి, గుడ్డ మీద మాత్రం పక్కనుంచి పలచని వెచ్చని కాంతి పడేట్టు అమర్చాడు. మొదట ఏమీ కనబడదు. కళ్లు అలవాటు పడ్డాక ఒక్కో జరీ పోగూ పైకి లేచి వస్తుంది. పైగా పెట్టె ఎదుట మనిషి మెదిలితేనే దీపం మెల్లగా వెలుగుతుంది, పక్కకు తప్పుకుంటే ఆరిపోతుంది. డబ్బు పెట్టి టికెట్టు కొన్నాం, చీకట్లో తడుముకోవాలా అని చాలామంది విసుక్కునేవాళ్లు. ప్రొదాన్ మాత్రం వెలుతురు కొలిచే మీటరు తీసి, కాంతి గుడ్డ తట్టుకునే హద్దులోనే ఉందని చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ గదిలో అతను అన్నిటికన్నా ఎక్కువ మనసుపెట్టి దీపం అమర్చింది నెవేనా ఎర్ర ముసుగుకి.

నెవేనా అదే ఊళ్లో ఉండే వెల్కా కూతురు. ఒక్కగానొక్క పిల్ల. తన పెళ్లి ముసుగు తనే చేసుకుంటానని పంతం పట్టి, మంజిష్ఠ వేళ్లు తవ్వి తెచ్చి, పాతకాలం పద్ధతిలో పట్టుకు రంగు పట్టించి, అంచంతా జరీ కుట్టింది. పెళ్లికి ముందే కొండ దారిలో బస్సు లోయలో పడి చనిపోయింది. పెళ్లి కాకుండా పోయిన పిల్లను అక్కడ పెళ్లికూతురిగా ముస్తాబు చేసే సాగనంపుతారు. వెల్కా తెల్లగౌను తొడిగింది, ఉంగరం పెట్టింది, కొత్త చెప్పులు వేసింది. ముసుగు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు చేతులు రాలేదు. చిమటలు కొట్టేశాయని అబద్ధమాడి దాచేసింది. అబద్ధం దాగుతుందా! కన్నబిడ్డ తలమీది గుడ్డ కాజేసిందని ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంది.

అక్కడ చనిపోయినవాళ్ల ఫొటో అచ్చువేసిన సంతాపపత్రం ఇంటి గేటుకు అతికిస్తారు. వెల్కా ఏటేటా కొత్తది అతికించేది. ఎండకు ఏడాది తిరగకముందే నెవేనా ముఖం తెల్లగా వెలిసిపోయేది. ముసుగు మూటకట్టి మ్యూజియానికి తెచ్చి ఇచ్చిన రోజున ఆమె ప్రొదాన్‌తో ఆ మాటే అంది.

"కాగితం మీద పిల్ల నిలవడం లేదు నాయనా. మీ దగ్గరైనా ఉండనీ."

"ఇది చల్లటి దీపం పిన్నీ. పాతవాటిలా గుడ్డను తినదు," అన్నాడు ప్రొదాన్ గొప్పగా. "నీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకో."

ఆమె ఆ మాట పట్టుకుంది. మ్యూజియం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేది. ప్రొదానే పెట్టె ముందు ఓ కుర్చీ వేశాడు. ఉన్ని అల్లుకుంటూ కూర్చునేది. చేతులు కదులుతున్నంతసేపూ దీపం ఆరదు. ఆ కుర్చీలో కూర్చున్నాక ఆమె ముఖం కాస్త తేరుకుంది. తనవల్ల ఒక తల్లికి ఇంత ఊరట దొరికిందని ప్రొదాన్ లోలోపల పొంగిపోయేవాడు. ఏళ్లు గడిచాయి.

గుడ్డ ఎంత వెలిసిందో తెలియడానికి పెట్టె మూలలో సగం కప్పి ఉంచిన నీలి ఉన్ని పట్టీ ఒకటి ఉంటుంది. ఆ శీతాకాలం ప్రొదాన్ దాన్ని తీసి కప్పు విప్పాడు. కప్పిన సగం ముదురు నీలం. బయటి సగం ఉతికి ఉతికి ఆరేసిన చొక్కాలా ఉంది. ముసుగు ఎరుపు కూడా అలాగే పోయిందని అర్థమైంది. చల్లటి దీపమైనా దీపమే. చూసి వెళ్లిపోయేవాళ్ల కోసం అతను లెక్క కట్టాడు. చూస్తూ ఉండిపోయే మనిషి ఒకరు ఉంటారన్నది ఆ లెక్కలో లేదు. కుర్చీ వేసింది కూడా తనే.

పావ్లీనా కసరలేదు. ముసుగును చీకటి గదిలో పెట్టెలో పెట్టేయాలని, ఇక చాలా ఏళ్లు బయటికి తీయకూడదని మాత్రం చెప్పింది. వెల్కాకు ఎవరు చెప్తారు అని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పాల్సింది తనేనని ప్రొదాన్‌కి తెలుసు.

మర్నాడు కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. వెల్కా అల్లిక ఆపింది. చేతులు ఆగేసరికి కాసేపటికి దీపం దానంతటదే ఆరిపోయింది. ఆ మసకలోనే అడిగింది.

"అంటే, నేను చూడబట్టే పోయిందా?"

"నీ తప్పు కాదు పిన్నీ. తినదని చెప్పినవాణ్ణి నేను."

"నువ్వు దీపం పెట్టావు. తిన్నది నా కళ్లు." మళ్లీ తనే అంది. "పిల్లతోపాటు మట్టిలో పెట్టేసుంటే దాని తలమీదే ఉండేది. నా కళ్లకోసం దాచుకున్నాను."

ప్రొదాన్ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. పెట్టెలో సర్దేటప్పుడు తననూ ఉండనివ్వమని అడిగింది, అంతే.

చనిపోయినవాళ్లను తలచుకునే పెద్దల శనివారం నాడు వచ్చింది. కూతురి పేరు చెప్పి అందరికీ చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు పంచింది. తీసుకున్నవాళ్లు దేవుడు ఆ పిల్లను క్షమించుగాక అన్నారు. ఆ తరువాత చేతికి తొడుగులు వేసుకుని బల్ల దగ్గర నిలబడింది. ప్రొదాన్ తక్కువ వెలుతురులో ముసుగును చట్రం నుంచి మెల్లగా విప్పాడు. పైవైపు ఇటుకపొడి రంగుకు తిరిగింది. వెనక్కి మడిచి కుట్టిన అంచు విప్పగానే మాత్రం లోపల, నెవేనా రంగులోంచి తీసిన రోజున ఎలా ఉందో అలా, పచ్చి ఎరుపు.

వెల్కా దాని మీదికి వంగింది. నెవేనా చేతులు వారం రోజులు ఆ రంగుతోనే ఉన్నాయని, రొట్టె ముట్టుకున్నా దానికి అంటేదని చిన్నగా చెప్పింది.

ఆమె సరిగా చూడాలని ప్రొదాన్ దీపం కాస్త పెంచబోయాడు. ఎన్నేళ్లుగానో హద్దు దాటనివ్వని మనిషి, ఆ ఒక్కసారికి దాటనిద్దామనుకున్నాడు.

వెల్కా చటుక్కున రెండు అరచేతులూ ఆ ఎరుపు మీద కప్పేసింది.

"వద్దు నాయనా. వెలుతురు తగులుతుంది."

ముఖం పక్కకు తిప్పుకుని, చూడకుండానే, తడుముకుంటూ అంచును లోపలికి మడిచింది. వంగి మడత మీద ముద్దు పెట్టుకుంది. ఆనాడు శ్మశానంలో శవపెట్టెలో ఉన్న బిడ్డ నుదుటి మీద పెట్టినట్టే. మూత వేయమంది. ప్రొదాన్ వేశాడు.

ఆ తరువాత ఆమె మ్యూజియానికి రాలేదు.