తెర మీద ఒక్క పనే

ఆ రోజు ఉదయం మా నాయనకు ఇన్సులిన్ రెండుసార్లు వేశాను. మొదటిసారి వేయగానే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి వేశానో లేదో గుర్తులేదు. మళ్లీ వేశాను. కాసేపటికి ఆయన ఒళ్లంతా చెమటలు పట్టి, మంచం మీద వాలిపోయాడు. చక్కెర నీళ్లు తాగించి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. సాయంత్రానికి కోలుకున్నాడు.

నాకు ముప్పై మూడేళ్లు. అనంతపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో యాప్‌లు తయారుచేస్తాను. వస్తువులు పారేసుకోవడం, పనులు సగంలో వదిలేయడం చిన్నప్పటి నుంచీ ఉన్నవే. ‘నిర్లక్ష్యం’ అని బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద రాశారు. నేనూ నమ్మాను. ఆ రోజు మాత్రం నమ్మలేదు. నాయన ప్రాణం విషయంలో నాకెప్పుడూ నిర్లక్ష్యం లేదు.

నా మతిమరుపు సంగతి విని, నాయనను చూసిన డాక్టరే నన్ను సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాడు. రక్తపరీక్షల్లో థైరాయిడ్, బీ12 నార్మల్‌గానే వచ్చాయి. సైకియాట్రిస్ట్ రెండు గంటలు ప్రశ్నలడిగింది. నా పాత ప్రోగ్రెస్ కార్డులు చూసి, నాయనతో మాట్లాడి చెప్పింది: “అడల్ట్ ఏడీహెచ్‌డీ. చిన్నప్పటి నుంచీ ఉండే ఏకాగ్రత లోపం. ఇది సోమరితనం కాదమ్మా.”

మా అన్న మండిపడ్డాడు. “బద్దకానికి ఇంగ్లీషు పేరు పెట్టించుకోని వచ్చినావా? ఆ డాక్టరు కాడికి పోతాండావని నలుగురికీ తెలిస్తే?”

“తెలియనీ అన్నా. నేనే చెప్తా.”

మాత్రలు మొదలుపెట్టాక ఆకలి పోయింది, గుండెదడ వచ్చింది. డోసు తగ్గించారు. “మాత్రతో ఏకాగ్రత వస్తుంది, అలవాట్లు రావు” అంది డాక్టరు. అందుకని ఫోన్‌లో దొరికిన, పనులు గుర్తుచేసే టాస్క్ యాప్‌లన్నీ వాడాను. నాలుగు రోజులకే గడువు దాటిన పనులు ఎర్రగా పేరుకుపోయేవి. తెరవడానికే సిగ్గేసేది. చివరికి కోపం వచ్చింది. ఇవన్నీ మరిచిపోనివాళ్ల కోసం చేసినవి. నాకు కావాల్సింది నేనే చేసుకోలేనా?

తిండి కూడా మరిచి పదకొండు రోజుల్లో సొంత యాప్ చేశాను. రంగులు, పాయింట్లు, చార్టులు. మూడు రోజులు వాడి వదిలేశాను. ఏడుపొచ్చింది. నాయన ఫోన్ తీసుకుని చూశాడు.

“యాడ చూడల్లో తెలీడం లేదు పాపా. ఇన్ని పనులు ఒగేసారి చూపిస్తే ఎవురికైనా తల తిరుగుతాది. ఒగటే చూపీ.”

అన్నీ తీసేశాను. తెర మీద ఒక్క పనే ఉంచాను, అందులోనూ మొదటి కదలికే. ‘రిపోర్టు’ అని కాదు, ‘లాప్‌టాప్ తెరువు’ అని. గడువు దాటితే ఎర్ర రంగు రాదు. ‘ఇప్పుడా, రేపా?’ అని అడుగుతుంది. సూది వేశాక ఫోటో తీస్తే వేసిన టైము నమోదవుతుంది, ఇక ఆ పూట ఆ పని చూపించదు.

సైకియాట్రిస్ట్ క్లినిక్‌లో పరిచయమైన, ముదిగుబ్బ ఊరి టైలరుకు యాప్ ఇచ్చి చూడమన్నాను. “సదివే ఓపిక యాడుండాది అక్కా? మాటతో చెప్పేటట్ల చెయ్” అన్నాడు. పనిని పైకి చదివి చెప్పే గొంతు చేర్చాను. ఇప్పుడు ఆ క్లినిక్‌కు వచ్చేవాళ్లు ఇంకొందరు వాడుతున్నారు.

“ఎర్ర గుర్తులు పెట్టు, భయంతో రోజూ తెరుస్తారు. కంపెనీ తరఫున అమ్ముదాం” అన్నాడు యాప్ చూసిన మా మేనేజర్.

“పెట్టను” అన్నాను.

జబ్బు పోలేదు. పోయిన వారం మీటింగ్‌కు గంట ఆలస్యంగా వెళ్లాను. క్షమించమన్నాను, కారణం చెప్పాను, నా కుర్చీలో కూర్చున్నాను. తల దించుకోలేదు.

మీకూ ఇలాగే ఉంటే ఒక్కటి చేయండి. పని పేరు రాసుకోవద్దు. ఆ పనికి మీ చెయ్యి చేయాల్సిన మొదటి కదలిక రాసుకోండి. చిత్తుకాగితమైనా చాలు.