ట్రాక్ అంటే ఏంది?

ఆ ఫారం మా ఇంటికొచ్చిన రోజు నుంచి పోస్టు డబ్బాలో పడే దాకా పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పప్పు రెండుసార్లు మాడబెట్టాను. ఫారంలో పేర్లు, ఊరు, లైసెన్సు నంబర్లు, నెత్తురు గ్రూపు అన్నీ ఎప్పుడో నింపడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒక్క గడి దగ్గర బండి ఆగిపోయింది. ఆ గడిలో రాయాల్సింది కూడా బండి పేరే.

మాది ఏన్కూరులో రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు. మా ఆయన నాకు మేనబావ. పెళ్లయి ఏడేళ్లయినా ‘బావా’ అనే పిలుపు మారలేదు, చిన్నప్పటి పోట్లాటలూ మారలేదు. ఆయన బండి కింద పడుకొని రిపేరు చేస్తే, ఆ బండిని ట్రయల్ తిప్పుకొచ్చే పని నాది. జూలూరుపాడు వైపు నాలుగు కిలోమీటర్లు పోయి, వెనక్కి తిప్పుకొని రావాలి. వచ్చాక “బావా, మూడో గేరుల ఏడుస్తున్నది” అంటే మళ్లీ కిందికి దూరేవాడు. పోను పోను, ముదిగొండ నుంచి మిరప ట్రాలీలతో వచ్చే రైతులు కూడా నేను తిప్పి సరే అంటే తప్ప బండి తీసుకెళ్లేవాళ్లు కాదు. నాకు ఆ గర్వం ఉండేది, దాచుకున్నదీ లేదు. బావకు ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

ఇది రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన నాటి మాట. భద్రాచలం దర్శనానికి పోతూ ఒక హైదరాబాదు ఆయన కారు మా షెడ్డు ముందు మొరాయించింది. బావ బాగుచేశాడు, నేను ట్రయల్ తిప్పాను. పక్క సీట్లో కూర్చున్న ఆ పెద్దమనిషి మలుపులో నా చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు. తాము కార్ల పోటీలు పెడతామనీ, ఈసారి పోటీ ఖమ్మంలో మొదలై అడవి మీదుగా రాజమండ్రి, అక్కడి నుంచి మద్రాసు దాకా పోతుందనీ చెప్పాడు. పోతూ పోతూ “మీరు తప్పకుండా రావాలి” అన్నాడు.

ఈ ‘మీరు’ దగ్గరే చిక్కొచ్చింది. మన భాషలో మీరు అంటే మర్యాదకు ఒక్కరూ అవుతారు, ఇద్దరూ అవుతారు. నన్నే అన్నాడని నేను. మనిద్దరినీ అన్నాడని బావ. వారం తిరిగేసరికి కవరులో ఫారం వచ్చింది, దాంట్లో రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద బండి నడిపేవాళ్ల పేరు, రెండో దాని మీద పక్కన కూర్చొని కాగితాలు చూస్తూ దారి చెప్పేవాళ్ల పేరు.

“ముందుగాల బండేందో తేలనీ. మనుషుల సంగతి తర్వాత,” అన్నాడు బావ.

బండి తేలితే మనిషి తేలినట్టేనని ఇద్దరికీ తెలుసు. మా దగ్గర రెండు బండ్లుండేవి. ఒకటి మామయ్య, అంటే మా అమ్మ అన్న, బావ వాళ్ల నాన్న, జనాన్ని కొత్తగూడేనికి చేరవేసిన పాత జీపు. ఆయన ఆరడుగుల మనిషి, సీటును తన కాళ్లకు సరిపడా వెనక్కి జరిపి ఇనుప పట్టీ పెట్టి వెల్డింగు కొట్టించుకున్నాడు. నేను కూర్చుంటే వీపు వెనక దిండు పెట్టాలి, అయినా క్లచ్ మీద మునివేళ్లే ఆనేవి. రెండోది పనికిరాదని ఎవరో వదిలేసుకుంటే తెచ్చుకొని రెండేళ్లపాటు మేమిద్దరం కూర్చిన చిన్న కారు. అది నా కొలతకు కుట్టించిన జాకెట్టులా ఉండేది. బావ కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకునేవి. జీపు రాస్తే ఆయన నడుపుతాడు, కారు రాస్తే నేను నడుపుతాను. వాదన మాత్రం బండి కింది కమాను పట్టీల గురించీ రేడియేటర్ గురించీ చేసేవాళ్లం.

“కారు వంద మీద పోయినా వణకది,” అనేదాన్ని.

“వంద మీద పోనిచ్చే రోడ్డేదే మన దిక్కు? దుమ్ముగూడెం దిక్కు వాగుల మీద చప్టాలు చూసినవా?”

“చప్టా కాడ మెల్లగ పోత. జీపు దమ్ము తీసుకునేసరికి అందరు రాజమండ్రి చేరి తిని పంటరు.”

షెడ్డుకొచ్చిన ప్రతివాడూ తీర్పరే. వేంసూరు నుంచి వచ్చిన ట్రాక్టరు ఆయన జీపన్నాడు. బస్సు కండక్టరు కారన్నాడు. పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా! నేను మాత్రం ఏ పని చేస్తున్నా కుడికాలు ఎక్సలేటర్ తొక్కుతున్నట్టే ఉండేది. నాకప్పుడు ముప్పై ఏళ్లు. పుట్టిన దగ్గర్నుంచీ నాలుగు కిలోమీటర్లు పోయి వెనక్కి తిప్పుకు రావడమే నా బతుకైంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వెనక్కి తిప్పకుండా పోవాలనుంది. సముద్రం దాకా నా చేతులతో పోవాలనుంది. ఆ మాట బావతో సూటిగా అని ఉంటే ఇదంతా జరిగేది కాదేమో. నేను కమాను పట్టీల గురించి మాట్లాడాను.

తొమ్మిదో రోజు బావ టీ గ్లాసు పట్టుకొని వచ్చి, ఫారం మళ్లీ మొదట్నుంచి చదవమన్నాడు. ఇంటరు చదివిన గొప్ప నాది. చదివి చెప్పాను. మూడు రోజులు రోడ్డు మీద, ఆఖరి రోజు ట్రాక్ మీద.

“ట్రాక్ అంటే ఏందే?” అన్నాడు.

తెలియదని ఒప్పుకునే నోరు కాదు నాది. వెనక వీధిలో ఇంగ్లీషు సారున్నాడు, పోయి అడగొచ్చు. అడగలేదు. మా వైపు ట్రాక్ అంటే ఒకటే. కలప లారీలూ ట్రాక్టర్లూ తొక్కి తొక్కి అడవిలో వేసిన చక్రాల గాళ్ల బాట. ఫారెస్టు జీపులవాళ్లు కూడా ‘ఆ ట్రాక్ పట్టుకొని పోతే వాగు తగుల్తది’ అంటారు.

“గదే బావా, అడివిల బండ్ల బాట. ఆఖరి నాడు గుంతలల్ల తిప్పి ఎవరి బండి గట్టిదో చూస్తరు,” అన్నాను.

అని నాలుక కరుచుకున్నాను. గాళ్లలో దిగితే చిన్న కారు పొట్ట నేలకు రాసుకుంటుంది. అది షెడ్డు ముందు నుంచి పోయే మేకకు కూడా తెలుసు. నా తెలివి చూపించుకోబోయి నా సీటు కిందికి నేనే నీళ్లు తెచ్చుకున్నాను.

“మరి జీపే గదా,” అన్నాడు బావ మెల్లగా.

ఇంకో రెండు రోజులు బుకాయించాను. పదకొండో రోజు పొద్దున్నే బావే ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. “రాయే. ఇంక జాగెందుకు? జీపని రాయి,” అని తొందరపెట్టాడు. ఎప్పుడూ లేనిది నా కళ్లలోకి చూడలేదు. నేను రాశాను. మొదటి గీత మీద ఆయన పేరు, కింద నా పేరు. నా పేరు రాసుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. బయట ట్రాలీ నిండా మిరపకాయలుంటే, బావ వాటి ఘాటనుకున్నాడు.

పోటీకి పది రోజుల ముందు జీపును ఒకసారి అడవిలో తిప్పి చూద్దామని బయల్దేరాం. జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక దాటి, బ్రిడ్జి మీద గోదావరి దాటి భద్రాచలం. అక్కణ్ణుంచి టేకు చెట్ల మధ్య బాటల్లో మూడు గంటలు ఎగిరెగిరి పడ్డాం. బావ ఎంత బాగా నడిపాడో చెప్పకపోతే పాపం. గాడిలో చక్రం దించకుండా, గట్టు మీద ఒకటి, మధ్యలో ఒకటి పెట్టుకొని తీసుకుపోయాడు. తిరిగొస్తూ బ్రిడ్జికి ఇవతల టీకొట్టు దగ్గర ఆగాం.

అక్కడ మాకు తెలిసిన లారీ డ్రైవరున్నాడు. మద్రాసుకు కాగితం రీళ్లు తోలుతాడు, బ్రేకులు మా షెడ్డులోనే చేయించుకుంటాడు. జీపును చూసి పడీ పడీ నవ్వాడు.

“ఏంది తమ్మీ, నిజంగనే జీపేసుకొని పోతున్నవా? ట్రాక్ మీద దీన్ని చూస్తే కుక్కలు గూడ నవ్వుతయ్.”

“ఎందుకు నవ్వుతయ్? అడివి బాటల జీపుకాక ఇంకేం పోతది?” అన్నాను నేను.

“అడివెక్కడిదమ్మా! మద్రాసు కాడ నేను కండ్లార చూసిన. తారు రోడ్డే, అద్దం లెక్క ఉంటది. గుంత లేదు, రాయి లేదు, గుండ్రంగ తిరుగుడే. నీ మొగనికి చెప్పిన గదా, మొన్న బ్రేకులు చేయించుకున్ననాడు.”

ఆ బ్రేకులు ఏ రోజు చేశారో నాకు తెలుసు. ఆ లారీని ట్రయల్ తిప్పుతానంటే బావ ‘వద్దులే’ అన్నది ఆ ఒక్కసారే. ఫారం పోస్టులో పడటానికి సరిగ్గా ముందు రోజు.

నేను టీ పారబోసి జీపెక్కాను. ఒళ్లంతా మంటలు. పొద్దున లేస్తే నా ముందు కూర్చొని అన్నం తినే మనిషి, నా తప్పును చూసి, ఆ తప్పు తనకు కలిసొస్తుందని నోరు మూసుకున్నాడు. పాల్వంచలో ఎస్‌టీడీ బూత్ కనిపించగానే ఆపమన్నాను. పోటీకి వారం ముందు దాకా ఫోన్ చేసి బండి మార్చుకోవచ్చని ఫారంతో వచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం సంచిలోనే ఉంది.

“బండి మారుస్తున్న. కారు రాయిస్త. నేను నడుపుత,” అన్నాను.

“చెయ్,” అన్నాడు బావ. స్టీరింగు వదల్లేదు. నేను దిగాక వెనక నుంచి అన్నాడు, “నువ్వు నడిపితే పక్కకు నేను కూసోవాలె గదా. కాగితాలు నేను చదవాలె.”

“అయితే?”

“నాకు ఇంగ్లీషు అక్షరాలు రావే.”

ఎగతాళి అనుకున్నాను. “పొద్దంత ఇంగ్లీషే గదా నీ నోట్ల! క్లచ్ ప్లేటు, టై రాడ్డు, ప్రెషర్ ప్లేటు...”

“అవి చెవుల పడ్డ పేర్లు. విని నేర్సుకున్న. డబ్బా మీద రాసుంటే ఏందో నాకు తెల్వది.”

ఖమ్మంలో సామాన్ల దుకాణానికి పోయినప్పుడల్లా విరిగిన పాత ముక్కను చేతిలో పట్టుకు పోయేవాడు. అది జాగ్రత్త అనుకునేదాన్ని, నలుగురికీ చెప్పి మెచ్చుకునేదాన్ని. ‘కండ్లకు ఆనట్లేదు, జర చదువు’ అని డబ్బా నా చేతికిస్తే, ముప్పై రెండేళ్లకే చత్వారమా అని వెక్కిరించేదాన్ని. ఏడేళ్లు పక్కన పడుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన బావ. నాకు తెలియదు.

“గంత మందిల, నువ్వు స్టీరింగు పట్టుకొని ఏ దిక్కు బావా అని అడిగితే, నేనేం చెప్పాలె?” అన్నాడు. “అందుకే జీపన్న. తప్పే.”

బూత్‌లోకి పోయాను. రిసీవర్ ఎత్తాను. కోడ్ నొక్కాను, నంబరు సగం నొక్కాను. అద్దంలోంచి జీపూ, దానిలో తల వంచుకున్న మనిషీ కనిపిస్తున్నారు. వందమంది చూస్తుండగా ఆ కాగితాలు పట్టుకొని చెమటలు కక్కుతున్న బావ నా కళ్ల ముందు నిలబడ్డాడు. రిసీవర్ పెట్టేశాను. ఇది త్యాగమని ఎవరన్నా అంటే ఒప్పుకోను. త్యాగం చేసేవాళ్ల కడుపు చల్లగా ఉంటుందంటారు, నాకు కుతకుతా ఉడికింది. బయటికొచ్చి “లైన్ కలుస్తలేదు. పోనీ,” అన్నాను. బావ నమ్మాడో లేదో తెలియదు. తర్వాత పది రోజులూ మేమిద్దరం చుట్టాలింటికి వచ్చినవాళ్లలా మర్యాదగా మాట్లాడుకున్నాం. దానికంటే పోట్లాట నయం.

ఖమ్మంలో ఆ పొద్దున మైదానం నిండా నేలకు ఆనుకున్నట్టుండే కార్లు, రంగురంగుల స్టిక్కర్లు. మధ్యలో మా జీపు. కొందరు నవ్వారు, ఒకాయన ఫొటో తీసుకున్నాడు. మమ్మల్ని పిలిచిన హైదరాబాదు ఆయన వచ్చి, బావ స్టీరింగు ముందు ఉండటం చూసి, నా వైపు తిరిగి ఏదో అడగబోయి ఊరుకున్నాడు. జెండా ఊపడానికి ఐదు నిమిషాల ముందు, పక్క సీటువాళ్లకు తలా ఒక దారి పుస్తకం ఇచ్చారు. అంతకు ముందు ఎవరికీ చూపించరట.

తెరిచాను.

దాంట్లో అక్షరాలు లేవు. ఉన్నవన్నీ బాణాలు. పేజీ నిండా చిన్న చిన్న గడులు, గడికో బొమ్మ. రోడ్డు ఎక్కడ చీలుతుందో గీత, ఎటు పోవాలో బాణం, పక్కన కిలోమీటర్లు. పేజీలన్నీ తిరగేశాను. గుడి దగ్గర గుడి బొమ్మ, బ్రిడ్జి దగ్గర బ్రిడ్జి బొమ్మ. అంకెలు బావకు నాకంటే బాగా వచ్చు. బండి మీటరు తప్పు చూపిస్తే ఎన్ని వందల మీటర్లు తేడా వచ్చిందో కళ్లు మూసుకొని చెప్పేవాడు. ఈ పుస్తకాన్ని ఆయన నాకంటే బాగా చదివేవాడు. నేను నడిపేదాన్ని. మా చిన్న కారు ఏన్కూరులో టార్పాలిన్ కింద ఉంది.

అరవాలనిపించింది. ఆయన మీదో, నా మీదో, బొమ్మలు గీసినవాడి మీదో తెలియదు.

బావ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “ఏమున్నదే దాంట్ల? మస్తు ఇంగ్లీషున్నదా?” అన్నాడు. ఆ మొహంలో భయం నేను ముందెప్పుడూ చూడలేదు. కాదు, చూశాను, గుర్తుపట్టలేదు.

పుస్తకాన్ని గుండెకు ఆనించుకున్నాను.

“అవ్ బావా, అంత ఇంగ్లీషే. నువ్వు రోడ్డు చూడు, నేను చెప్త.”

జెండా దిగింది. మొదటి బాణం ఎడమకుంది. ఎడమ అన్నాను, బావ తిప్పాడు. మద్రాసు దాకా మూడు రోజులూ ఆ పుస్తకాన్ని ఆయన కంట పడనివ్వలేదు.