గేటు బయట రాజుగారు

ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలోనే ఉంది. ఆ చిన్న బడిలో అందరికీ ఆవిడ తాడు టీచరమ్మ. తరగతి గదిలో నల్లబల్ల పక్క మేకు నుంచి గుమ్మం దాకా ఆవిడ కట్టిన తాడుంది మరి. మేకు దగ్గర ఈరోజు, అక్కణ్నుంచి మూరకు పదేళ్ల చొప్పున వెనక్కి. మొత్తం పన్నెండు మూరలు.

సరదాకి కట్టింది కాదది. నాలుగేళ్ల కిందట ఒకటో తరగతికి ఆవిడ రాజుల కథ ఊగిపోతూ చెబుతుంటే, ముందు బెంచీ పిల్ల లేచి ఆ రాజుగారు మా అమ్మమ్మ పెళ్లికి వచ్చారా అని అడిగింది. టీచరమ్మకు నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది. పాపం, ఆ పసిదానికి గడిచిపోయిందంతా ఒకటే కుప్ప! అప్పుడే ఐదేళ్లకు లెక్క వేసుకున్నారు. ఒకటిలో ఎవరి పుట్టినరోజుకు వాళ్లు తాడు మీద రంగుదారం కట్టాలి. రెండులో అమ్మానాన్నలకు, మూడులో అమ్మమ్మా తాతయ్యలకు, నాలుగులో బడికీ వీధికీ. రాజులు ఐదులోనే.

ఆ పిల్ల ఐదుకొచ్చిన వారానికే కొత్త హెడ్మాస్టరు ఊడిపడ్డారు. నాలుగేళ్లు రాజుల ఊసెత్తని చరిత్రేమిటన్నారు. పిల్లల్ని తానే పరీక్షిస్తానని, తెల్లమొహాలు వేస్తే ఇకపై ఒకటి నుంచే రాజుల పట్టిక బట్టీ పెట్టించాలని తేల్చేశారు. రాజుల పాఠం ఇంకా మొదలే పెట్టలేదాయె!

ఊళ్లో కోట ఎప్పుడు కట్టారని హెడ్మాస్టరు అడిగారు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆరు వందల ఏళ్లయిందని ఆయనే చెప్పి, చూశారా అన్నట్టు టీచరమ్మ వంక చూశారు.

అంతలో ఆ పిల్ల లేచింది. "సార్, ఆ కోట కట్టిన రాజుగార్ని తాడు మీద పెట్టి రావచ్చా?"

ఆయన తలూపేలోపే పిల్లలు తాడు విప్పేశారు. మేకు నుంచి ఒకసారి పరిస్తే గుమ్మం వచ్చింది, నూట ఇరవై ఏళ్లు. అక్కణ్నుంచి మళ్లీ, మళ్లీ. వరండా దాటారు, ఆవరణ దాటారు. ఐదోసారికి తాడు గేటు బయట దర్జీ కుట్టుమిషను కిందకి చేరింది. దర్జీ కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

ఆ పిల్ల అక్కడ నిలబడి తరగతి కిటికీ వైపు చూసింది. తాడు గదిలో ఉన్నప్పుడు తన అమ్మమ్మ దారం ఉండే చోటది.

"మా అమ్మమ్మే ఈయనకి అంత దూరాన ఉంది కదా టీచర్. మరి ఈ రాజుగారి సంగతి మన దాకా ఎవరు తెచ్చారు?"

టీచరమ్మకు కళ్లు చెమర్చాయి. ఐదో తరగతి చివరి నెలలో అడిగిద్దామని ఆవిడ దాచుకున్న ప్రశ్న అదే.

హెడ్మాస్టరు వంగి తాడు మీది రంగుదారాలను ఒక్కొక్కటే తడిమి చూశారు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "నాకూ ఓ దారం ముక్క ఇప్పించండి టీచరమ్మగారూ" అన్నారు.