ఒక జతకి రెండు చేతులు

ఆ వీధిలో అద్దాల కిటికీలున్న షాపులు చాలానే ఉన్నాయి. కిటికీలో ఆరంటే ఆరే జతలు పెట్టి, దారిన పోయేవాళ్ళు తమ కాళ్ళకున్నవాటిని చూసుకుని సిగ్గుపడేలా చేసే షాపు మాత్రం ఒక్కటే. లోపల రెండు గదులు. ముందు గదిలో నిలువుటద్దం, మెత్తటి కుర్చీలు, అరల్లో బూట్లు, చెప్పులు, మడమెత్తు జోళ్ళు. వెనక గదిలో తోలు చుట్టలు, మైనం వాసన, గోడ నిండా కాళ్ళ ఆకారంలో చెక్కిన చెక్క అచ్చులు. కొత్తగా వచ్చినవాళ్ళు తెర తొలగించి ఆ గోడను చూస్తే, ఇంతమంది కాళ్ళు పోగొట్టుకున్నారా అని ఒక్క క్షణం జడుసుకునేవారు.

ముందు గది షాపు చూసుకునే ఆవిడది. వచ్చినవాళ్ళు 'మేడమ్' అనేవాళ్ళు. వెనక గదిలోంచి మాత్రం "ఎలుకా" అనే పిలుపు వచ్చేది. యాభై రెండేళ్ళ మనిషి, జుట్టు సగం నెరిసింది, కళ్ళజోడు పెట్టుకుని ఎవరి పాదాన్నైనా ఒక్క చూపులో కొలవగలదు. అయినా సరే ఎలుకే. ఆరేళ్ళప్పుడు బల్లకింద కూర్చుని తోలు ముక్కలు కొరికినందుకు పెదనాన్న పెట్టిన పేరు అది.

వెనక గది ఆ పెదనాన్నదే. డెబ్బై ఆరేళ్ళు. చేతిలో తోలుకి రంధ్రాలు పొడిచే ఆరె, నోట్లో అబద్ధం, రెండూ ఎప్పుడూ ఆడుతూనే ఉండాలి.

"ఒకాయనకి బూట్లు కుట్టానమ్మా, ఎంత కుదిరాయంటే నిద్రలో కూడా విప్పేవాడు కాదు. ఆయన పోయాక చుట్టాలంతా లాగినా ఊడలేదు. నన్ను పిలిపించారు. చెవిలో రెండు మాటలు చెప్పా, వాటంతట అవే ఊడొచ్చాయి."

"ఎవరి చెవిలోనండీ?" అనేది వచ్చినావిడ.

"బూటు చెవిలో."

"బూటుకి చెవులెక్కడివి?"

"లేసుల కింద నాలుకుంది కదా. నాలుకున్నదానికి చెవులుండవా?"

అలా నవ్వించి కూర్చోబెడితే మిగతా పని ఎలుక చూసుకునేది. పాదాన్ని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలు తిప్పి గీసేది. ఏ వేలు పొడుగో, ఏ కాలు లావో, మనిషి మడమ మీద బరువేస్తుందో మునివేళ్ళ మీదో పక్కనే రాసేది. ఏ రంగు, ఏ కోత, మడమ ఎంత ఎత్తు అన్నది ఆవిడ మాటే. కుట్టు మాత్రం పెదనాన్నది. ఆ విషయంలో ఎవరూ వేలు పెట్టకూడదు.

ఎలుకకి కుట్టు రాక కాదు. బాగా వచ్చు. కానీ పుర్రచేతి వాటం. అంచు కుట్టు అంటే, పై తోలునీ అడుగునీ కలిపి పట్టుకునేది, రెండు సూదులతో కుడతారు. రెండు దారాలూ ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దాటాలి. కుడిచేతివాళ్ళు కుడితే కుట్లన్నీ ఒక వైపుకి వాలతాయి, పుర్రచేతివాళ్ళవి రెండో వైపుకి. కంటికి పెద్ద తేడా ఉండదు. బొటనవేలితో రుద్దితే తెలుస్తుంది. చిన్నప్పుడు పెదనాన్న దాని ఎడమ చేతిని నడుముకి కట్టి మరీ కుడి చేత్తో నేర్పాలని చూశాడు. కుదరలేదు. చివరికి, "నువ్వు ముందు గదిలో కూర్చుని మాట్లాడవే. ఒక జత ఒకే చెయ్యి కుట్టాలి. ఒకే షాపులో రెండు వాలు కుట్లు ఉండకూడదు" అన్నాడు. దానికి అప్పట్లో ఏడుపొచ్చింది. తర్వాత అలవాటైపోయింది.

ఎనిమిది నెలల కిందట ఒక జతకి రంగు పూస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అంచు కుట్టులో మూడు చోట్ల ఒక దారం దాటింది, రెండోది దాటలేదు. పైకి కుట్టులాగే ఉంది. లోపల పట్టు లేదు. తెర సందులోంచి చూస్తే పెదనాన్న సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. సూది ఒక చోట, దారం ఒక చోట. చెయ్యి గాలికి ఊగే ఆకులా ఉంది.

ఆ సాయంత్రం పెద్దమ్మతో విషయం ఎత్తబోయింది. ఆవిడ మధ్యలోనే అందుకుంది. "ఆయన్ని ఇంట్లో కూర్చోబెడతానని మాత్రం అనకే. పెళ్ళైన యాభై ఏళ్ళలో ఆదివారాలే భరించలేకపోయాను. వారమంతా ఇంట్లో ఉంటే నేనొచ్చి మీ కిటికీలో కూర్చుంటా, ఏడో జతగా."

నవ్వుతూనే అన్నది గానీ కళ్ళు నవ్వలేదు. ఆరె చేతిలో లేని ఆయన్ని ఆవిడ కూడా ఊహించుకోలేదని ఎలుకకి అర్థమైంది. ఇక నోరెత్తలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆరింటికి షాపు తెరిచేది. పెదనాన్న వచ్చేది పదింటికి. ఆ నాలుగు గంటల్లో ముందురోజు ఆయన కుట్టినదంతా విప్పి, తన ఎడమ చేత్తో మళ్ళీ కుట్టి, రంగు పూసి, మెరుపు పెట్టి కిటికీలో ఉంచేది. మెరుపు పెట్టిన జోడు మీద వేలు పెట్టకూడదని పెదనాన్న పెట్టిన నియమమే ఆవిడని కాపాడింది. ఆయన వీధిలోంచి, అద్దం బయట నిలబడి చూసుకునేవాడు. వంకర లేని గీతలా కుట్టు కనబడేది. "ఫరవాలేదురా, చెయ్యింకా చెయ్యే" అని తనలో తను అనుకుని లోపలికొచ్చేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఎలుకకి దొంగకి తేలు కుట్టినట్టుండేది.

ఇంజనీరమ్మ బూట్ల దగ్గర దెబ్బ తగిలింది. కట్టే భవనాల మీద పనిచేసే మనిషి, పొడవాటి నల్ల బూట్లు చేయించుకుంది. పదకొండింటికి రావాల్సింది ఎనిమిదింటికే వచ్చి తలుపు కొట్టింది. అప్పటికి ఎలుక కుడి బూటు మాత్రమే తిరిగి కుట్టింది. ఎడమది పెదనాన్న కుట్టినట్టే ఉంది. రేపు రండి అనొచ్చు. అనలేదు. ఎందుకు ఉదయాన్నే తలుపులేసుకుని కుడుతున్నారని అడుగుతుందేమోనని భయం. గోరుతో కుట్టుని రెండు మూడు చోట్ల లాగి చూసింది, గట్టిగానే ఉన్నట్టనిపించింది. నెల తర్వాత మెరుపు పెడతానని ఏదో వంకతో తెప్పించుకుంటే సరి అనుకుని రెండూ చేతిలో పెట్టేసింది.

మూడు వారాలు గడిచాయి. ఇంజనీరమ్మ కుడి చేతికి కట్టుతో వచ్చింది. ఎడమ బూటు కౌంటర్ మీద పెట్టింది. అడుగు ముందు భాగం కప్ప నోరులా తెరుచుకుని ఉంది.

"మెట్లు దిగుతుంటే అడుగు మడత పడింది. నాలుగు మెట్లు దొర్లాను. మణికట్టు విరిగింది, ఆరు వారాలట" అంది. కోపంగా కూడా అనలేదు. "సిమెంటులో తిప్పి నేనే పాడు చేసుంటాను. పెద్దాయన చేత్తోనే బాగుచేయించండి. ఆయన కుట్టంటే నాకు నమ్మకం."

ఎలుక ఆ బూటుని కౌంటర్ కిందకి తోసేసింది. అప్పుడే టీ గ్లాసుతో పెదనాన్న తెర తీసుకుని వచ్చాడు.

"ఏమ్మా, చేతికి కూడా బూటు తొడిగించుకున్నావు?"

ఇంజనీరమ్మ నవ్వి జరిగింది చెప్పేసింది. పెదనాన్న నవ్వలేదు. "ఏదీ?" అని చెయ్యి చాపాడు. ఎలుక కదల్లేదు. ఆయనే కౌంటర్ చుట్టూ వచ్చి, వంగి, బూటు తీసుకున్నాడు. "రెండోది?" అన్నాడు. ఇంజనీరమ్మ సంచిలోంచి ఇచ్చింది. రెండూ పట్టుకుని కిటికీ వెలుతురులోకి వెళ్ళాడు. బొటనవేలు ఎడమదాని అంచు వెంట నెమ్మదిగా నడిపాడు. తర్వాత కుడిదాని వెంట. మళ్ళీ ఎడమది. 

"అమ్మా, మీరు పడ్డది సిమెంటు వల్ల కాదు. నా కుట్టు వల్ల. మీరెళ్ళండి, బూట్లు ఇంటికే పంపిస్తాం" అన్నాడు. ఆవిడ ఏదో అనబోయి, ఎలుక మొహం చూసి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు పెదనాన్న.

"ఎనిమిది నెలలు."

"అన్నీ విప్పావా?"

"అన్నీ. ఇదొక్క కాలే మిగిలిపోయింది."

"నా చెయ్యి వణుకుతోందని నాకు తెలీదనుకున్నావా? ఆరె పడుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కేవి. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. కిటికీలో చూసుకుంటే కుట్టు బాగుండేది. సరే, వణికినా పని తప్పట్లేదు అనుకున్నా." గొంతు పెంచలేదు. అదే ఆవిడకి భరించలేకుండా ఉంది. "నువ్వు నాకు కుట్టి పెట్టింది బూట్లు కాదే. నా కళ్ళకి గంతలు."

"నువ్వు బాధపడతావని పెదనాన్నా."

"నేను బాధపడకూడదని ఆవిడ మణికట్టు విరిచావు."

కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి పెద్దమ్మ ఫోను చేసింది. "ఏం చేశావే? మనిషొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంత సేపైంది, ఒక్క అబద్ధం చెప్పలేదు. నాకు భయంగా ఉంది."

ఎలుక జరిగింది చెప్పింది.  "నేనే కదే నీ నోరు నొక్కింది" అని పెట్టేసింది పెద్దమ్మ.

ఆ రోజూ మర్నాడూ ఎలుకకి అన్నం సయించలేదు. ఇంజనీరమ్మ ఎడమ బూటుకి కొత్త అడుగేసి కుట్టి పంపించింది. ఇక ఆయన రాడు, బల్ల ఖాళీగానే ఉండిపోతుంది, దానికి కారణం తనే అనుకుంటూ ముందు గదిలో తిరిగింది. ఎవరో జంట వచ్చి, వెనక నుంచి కబుర్లు వినబడక, కాసేపు కూర్చుని ఏమీ చేయించుకోకుండా వెళ్ళిపోయారు.

మూడో రోజు పదింటికి పెదనాన్న వచ్చాడు. బల్ల దగ్గరికి వెళ్ళలేదు. పాదాలు గీసిన కాగితాల కట్ట తెమ్మని కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వు కనిపెట్టింది ఎనిమిది నెలల కిందట. నా చెయ్యి ఆ రోజే పాడైందా?"

 ఎలుకకి ఇన్నాళ్ళలో ఆ ఆలోచనే రాలేదు. ఆయన్ని దాచడంలో పడి, అంతకుముందు కుట్టినవి ఎవరి కాళ్ళకున్నాయో లెక్కే చేసుకోలేదు.

"కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నానే, అప్పట్నుంచీ తిమ్మిరి. నువ్వు కనిపెట్టడానికి నాలుగు నెలల ముందు" అన్నాడు. కట్టలోంచి ఒక్కొక్క పాదం తీసి పక్కన పెట్టాడు. పందొమ్మిది జతలు. "ఫోను ఇలా ఇవ్వు."

"నేను చేస్తాను పెదనాన్నా. మెరుపు పెడతామని చెప్పి తెప్పిస్తా."

"మళ్ళీ వంకా?"

ఆయనే చేశాడు. మొదటిది ఒక లాయరుగారికి. "అయ్యా, నా చెయ్యి పాడైంది. మీ బూట్లలో కుట్టు సరిగ్గా పడి ఉండకపోవచ్చు. వేసుకోకుండా తెచ్చివ్వండి." అవతల నుంచి పెద్ద నవ్వు ఎలుకకి కూడా వినబడింది. తర్వాత ఏమవుతుంది పెద్దాయనా, బూట్లు వాటంతట అవే నడిచొస్తాయా అంటున్నాడు లాయరు. పెదనాన్న మొహం పాలిపోయింది. ఎలుక ఫోను కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. "కథ కాదయ్యా. ఒకావిడ పడి చెయ్యి విరగ్గొట్టుకుంది" అని మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. నమ్మించడానికి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. పద్దెనిమిదో ఫోనుకి గొంతు బొంగురుపోయింది.

వారంలో పదిహేను జతలు తిరిగొచ్చాయి. విప్పి చూస్తే నాలుగింటిలో దారం దాటలేదు. ముగ్గురు, మావి బాగానే ఉన్నాయి, ఇవ్వం అన్నారు. వాళ్ళతో ఎలుకే పోట్లాడి ఇద్దరి దగ్గర తెప్పించింది. మూడో ఆవిడ ఇప్పటికీ ఇవ్వలేదు.

కుట్టేది ఎలుక. బల్ల మీద వెలుతురు ఎడమ చేతికి అడ్డుగా పడుతోందని పెదనాన్నే బల్లని ఇటునుంచి అటు తిప్పించాడు. నలభై ఏళ్ళు ఒకేచోట నిలిచిన కాళ్ళు గచ్చులో చేసిన నాలుగు గుంటలు బయటపడ్డాయి. వాటిని ఆయన చూడనట్టే ఉన్నాడు.

పందొమ్మిదో జత దొరకలేదు. గోధుమరంగు, చీలమండ దాకా వచ్చే బూట్లు, పొడుగాటి ఒకాయనవి. ఎడమ కాలి బొటనవేలు పక్కకి వాలి ఉంటుందని కాగితం మీద రాసి ఉంది. ఫోను పనిచెయ్యలేదు, ఇల్లు మారిపోయాడన్నారు.

అప్పట్నుంచీ పెదనాన్న కుర్చీ వాకిట్లోకొచ్చింది. పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని, వచ్చేపోయే కాళ్ళవైపు చూస్తుంటాడు. "ఏం పెద్దాయనా, ఏం పారేసుకున్నావు?" అని పక్క షాపు టైలరు అడిగితే, "గోధుమరంగు బూట్లు కనబడితే చెప్పు" అంటాడు, అంతే. టైలరు ఇంకేమైనా కథ వస్తుందేమోనని కాసేపు నిలబడి, వెళ్ళిపోతాడు.

ఎలుక కుట్టిన ప్రతి జతనీ, రంగు పుయ్యకముందే, బయటికి తెచ్చి ఆయన ఒళ్ళో పెడుతుంది. ఆయన కళ్ళు వీధి మీదే ఉంటాయి, వేలు మాత్రం అంచు వెంట నడుస్తుంది. నిన్న కూడా అంతే. సగం దాకా వచ్చాక వేలు ఆగింది.

"మడమ నుంచి ఎనిమిదోది వదులుగా ఉంది."

"గట్టిగానే లాగాను పెదనాన్నా."

"వదులుగా ఉంది."

ఎలుక బూటు తీసుకుని లోపలికెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, ఎనిమిదో కుట్టు దగ్గర్నుంచి విప్పడం మొదలుపెట్టింది.