పెనం మీద ఐసు ముక్క

ఆ పాఠం గొంతు నొక్కింది నేనే. ఇంకెవరి మీదికీ నెట్టలేను.

అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో ఒక బయోటెక్ ల్యాబ్‌లో నా ఉద్యోగం. దేశమంతటా బడుల్లో వాడేందుకు ఆరో తరగతి సైన్స్ పాఠాలు కొత్తగా రాస్తున్నారంటే, నెలకో శనివారం ఆ బృందంలో కూర్చునేదాన్ని. మాతో పాటు రిటైరైన టీచరు ఒకావిడ ఉండేది. ఆవిడ రాసింది ఒక్కటే పాఠం, కానీ ప్రాణం పెట్టి రాసింది.

ఒక ఇనప పళ్లెం, ఒక చెక్క పలక పక్కపక్కన పెట్టి పిల్లల్ని ముట్టుకోమంటారు. ఇనుము చల్లగా, చెక్క కాస్త వెచ్చగా తగులుతుంది. రెండింటి మీదా చెరో ఐసు ముక్క పెడితే ఏది ముందు కరుగుతుంది? చెక్క మీదిదే అంటారు పిల్లలు. తీరా చూస్తే ఇనుము మీదిది గబగబా నీరైపోతుంది. "వాళ్లు తప్పు చెప్పాలి, దెబ్బలాడుకోవాలి. మూడు రోజుల దాకా ఎవరూ జవాబు చెప్పకూడదు," అనేది ఆవిడ.

ప్రతి పాఠాన్నీ ముందు ఒక బడిలో చెప్పి చూస్తాం. జవాబు పిల్లలకు ముందే తెలిసి ఉంటే ఆ పాఠం తీసేస్తాం. దీనికి మా అమ్మాయి క్లాసు వచ్చింది. ఇంట్లో నోరు విప్పకూడదని నాకు మరీ మరీ చెప్పారు కూడా.

వింటేగా! ప్రతి ఆదివారం మా అమ్మాయితో కలిపి తెలుగు పిల్లలు ఏడుగురు మా డైనింగ్ టేబుల్ చుట్టూ చేరతారు. అందరిదీ ఒకే క్లాసు. బడిలో చెప్పబోయేది వారం ముందే నూరిపోయడం నా అలవాటు. మనం చదువుకున్నదే అలా కదా! పెనం, చపాతీ పీట తెచ్చి ఐసు పెట్టాను. ఇనుము వేడిని తొందరగా అందిస్తుంది, గుర్తుపెట్టుకోండి అన్నాను. "ఆంటీ, సూపర్!" అన్నారు. పొంగిపోయాను. నా బుద్ధి గడ్డి తింది.

ఆ టీచరే స్వయంగా బడికి వెళ్లి పాఠం చెప్పింది. ప్రశ్న పూర్తి కాకముందే ఏడు చేతులు లేచాయట. మిగతా పిల్లలు వాళ్ల వెనకే తలలూపారు. మూడు రోజుల పాఠం పది నిమిషాల్లో అయిపోయింది.

తర్వాతి మీటింగ్‌లో రిపోర్టు చదివారు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "దీని గురించి ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని అడిగింది. చూపు నా దగ్గర కాసేపు ఆగింది. చెప్తే పరువు పోతుంది, బృందంలోంచి పొమ్మంటారు. కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఇంకో క్షణం చూసి, తన పాఠం మీద తనే గీత కొట్టేసింది. ఛీ, ఏం మనిషిని నేను!

ఇంటికొచ్చి మా అమ్మాయితో, ఐసు పాఠం తీసేశారమ్మా అన్నాను.

"ఓ నో! ఆ టీచర్ చాలా నైస్. ఆ రోజు నా డెస్క్ దగ్గరికి వచ్చి, నీకెలా తెలుసు అంది. అమ్మ సండే చూపించింది అని చెప్పా."

తల కొట్టేసినట్టయింది. "ఏమంది?"

"ఏం అన్లేదు. ఓకే, మీ అమ్మని అడుగుతాలే అంది. అడిగిందా?"

"అడిగింది," అన్నాను.