పన్నెండు కానుగల మస్తాన్ గారు

మస్తాన్ గారు ఇక లేరన్న వార్త గురువారం సాయంత్రం కాలేజీ గేటు దగ్గర విన్నాను. నమ్మలేదు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, స్వయంగా చూశారా లేక విన్నారా అని చెప్పినవారిని నిలదీశాను. వృక్షశాస్త్రం బోధిస్తూ గడిపిన ఇన్నేళ్ళలో నాకబ్బిన దుర్గుణమది. వారి ఇంటికి చేరేసరికి జనాజా శ్మశానానికి వెళ్ళిపోయింది. గడప పక్కన గోడకు ఆనించిన ఆయన గునపం, దాని మొనకు అంటి ఎండిన నల్లమట్టి కనిపించాయి. అంతకు మించిన సాక్ష్యం అడగడానికి నాకు నోరు రాలేదు.

మా పేట పార్కులోని ప్రతి కానుగా ఆయన చేతి మీదుగా నాటిందేనని శనివారం నాటి సంతాపసభలో ఒక వక్త గద్గదస్వరంతో అన్నారు. అది సత్యం కాదు. మస్తాన్ గారు అక్కడ ఒక్క మొక్క కూడా నాటలేదు. నాలుగేళ్ళ క్రితం వనమహోత్సవం నాడు పేట పెద్దలు పూలదండలతో, ఫోటోగ్రాఫరుతో విచ్చేసి పన్నెండు మొక్కలు నాటారు. ఆ వేళ ఆయన పత్తి మిల్లులో ఫిట్టరుగా డ్యూటీలో ఉన్నారు. మరుసటి ఆదివారం శ్రమదానానికి ముప్పై మంది వచ్చారు. ఆ పై ఆదివారం ఏడుగురు. నెల తిరిగేసరికి ఆయనొక్కరే మిగిలారు. నేనూ వెళ్ళేవాణ్ణి, పని చేయడానికి కాదు, పరిశీలించడానికి.

ఒక్కరే అయినా ప్రతి ఆదివారం కాపలా గదిలోంచి అయిదు తట్టలు తెచ్చి వరుసగా పెట్టేవారు. ఎందుకని అడిగాను.

“వచ్చినోళ్ళకి తట్ట లేకపోతే తిరిగెళ్ళిపోతారు గదండీ మాస్టారూ.”

ఎండెక్కాక నాలుగు తట్టలు మట్టి అంటకుండానే గదిలోకి తిరిగి వెళ్ళేవి.

మన నల్లరేగడి స్వభావం పాఠకులకు తెలిసిందే. వేసవిలో బిగుసుకుని, చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ చీలికలు వేళ్ళను తెంపి, అడుగు తేమను హరిస్తాయని ఆయన విశ్వాసం. అందుకని గునపంతో గడ్డలు నలగగొట్టి, ఆ పొడిమట్టితో చెట్ల చుట్టూ నెర్రెలు పూడ్చేవారు. ఆయన మిల్లు మిత్రుడు కోటయ్య దారినపోతూ కేకేసేవాడు: “ఏరా మస్తానూ, మిల్లు బెల్టులకేసిన అతుకులు చాల్లేదా, భూమిక్కూడా వేస్తన్నావా?”

“రారా, నువ్వూ ఒకటి పూడ్చి పో. రేపు నీ కాలిరుక్కుంటే లాగాల్సింది నేనే!”

కోటయ్య నవ్వుతూ సైకిలు తొక్కుకుని వెళ్ళిపోయేవాడు.

ఈ విశ్వాసానికి ఆధారమేమిటని ఈ వేసవి ఆరంభంలో నేను ప్రశ్నించాను. చీట్లు వేసి ఆరు కానుగలను ఎంచుదామని, వాటి నెర్రెలు పూడ్చకుండా వదిలి, తక్కిన ఆరింటితో పోలిస్తే నిజం తేలుతుందని ప్రతిపాదించాను.

“ఎండిపోతేనండీ?”

“పోతేనే తెలుస్తుంది.”

ఆయన చెట్ల వంక చూశారు. “అయితే చీట్లు మీరే తీయండి. నా చేత్తో నేను తీయలేను.”

చీట్లలో వచ్చిన ఆరింటి మొదళ్ళకు గుర్తుగా సున్నం పూశాను.

రోహిణి కార్తె ముగిసింది. పన్నెండూ పచ్చగానే ఉన్నాయి. ఆ ఆదివారం ఆయనతో, “తేడా ఏమీ లేదు మస్తాన్ గారూ. ఇన్నాళ్ళ మీ శ్రమ అనవసరమనే తేలింది,” అన్నాను. అంత సూటిగా చెప్పడమే శాస్త్రధర్మమనుకున్నాను. ఆయన తట్ట కిందపెట్టి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

“బతికినై గదండీ. అంతే చాలు.”

అదే మా కడపటి సంభాషణ. నాలుగో రోజున గుండె ఆగిపోయింది.

సంతాపసభ ముగిశాక కోటయ్య నన్ను పక్కకు పిలిచాడు. “మాస్టారండీ, ఆ సున్నం పూసిన చెట్లకి కూడా శుక్రవారం నమాజు కాగానే వెళ్ళి మట్టి పోసేవోడండి. మీకు నెర్రె కనపడాలని పైన జానెడు వదిలేసి, లోపల పూడ్చేవోడు. నన్ను నోరెత్తొద్దన్నాడు. ‘చదువుకున్నాయన్రా, ఆయన మాట కాదనలేను. అట్టాగని చెట్టునీ చంపలేను’ అనేవోడు.”

అదీ నేను వెంటనే నమ్మలేదు. మర్నాడు ఆదివారం, బెత్తం పట్టుకుని పార్కుకు వెళ్ళాను. ఖాళీ నేలలోని నెర్రెల్లో బెత్తం మూడొంతులు దిగింది. సున్నం పూసిన ఆరు చెట్ల దగ్గరా జానెడు లోతులోనే ఆగిపోయింది.

మస్తాన్ గారు నన్ను మోసగించారు. నిజం గనుక రాస్తున్నాను. ఒక్క మాట చెబితే నా తీర్పు కుప్పకూలేది. ఆ మాట చెప్పకుండా, తన నాలుగేళ్ళ శ్రమ వ్యర్థమన్న నింద మోస్తూ ఆ నిరాడంబర కర్మయోగి వెళ్ళిపోయారు. నెర్రెలు పూడ్చడం మేలు చేస్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చేయదని తేలిందన్న నా మాట మాత్రం అసత్యం. దానిని ఉపసంహరించుకుంటున్నాను. వినవలసిన ఒక్కరూ వినలేరు. మా పేటలో జనానికి లోటు లేదు. ఆదివారం ఉదయం ఆ పార్కు గేటు తెరిచే చేయి మాత్రం మరొకటి లేదు.

ఆ ఉదయం గదిలోంచి అయిదు తట్టలూ తెచ్చి వరుసగా పెట్టాను. ఎండెక్కేదాకా చూశాను. ఎవరూ రాలేదు. ఒక తట్ట తీసుకుని, గడ్డలు నలగగొట్టి, నా కోసం ఆయన వదిలిన ఆ జానెడునూ ఆరు చెట్ల దగ్గరా పూడ్చాను. పోల్చి చూడడానికి ఏ చెట్టునూ మిగల్చలేదు.